ఓబులమ్మ మొగుడు మాయమైన కేసు

“హిందూపురంలో నేరం చేసి తప్పించుకునే మొనగాడు ఇంకా పుట్టలేదు! ఒకవేళ పుట్టినా, ఈ ఆదెప్ప బతికుండంగా పెద్దోడు కాలేడు!”

ఇలా ప్రకటించి, నల్ల కళ్లద్దాలు ముక్కు మీదికి లాక్కుని, సుధారాణి ఫోటో స్టూడియో నట్టనడుమ నిలబడ్డాడు ఆదెప్ప. ఎవరైనా చప్పట్లు కొడతారేమోనని కాసేపు ఆగాడు కూడా.

“చిన్నాయనా, వైరు తొక్కినావు. కాలు తీయి,” అంది సుధారాణి.

ఆదెప్ప కాలు తీశాడు. సొంత అన్న కూతురే ఇట్లా అంటే ఇక ఊళ్లో వాళ్లు ఏం గుర్తిస్తారని లోపల్లోపల నొచ్చుకున్నాడు.

ఆయన ముప్పై ఏళ్లు పట్టుగూళ్ల మార్కెట్లో తూకం దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. పట్టుగూడు చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల పురుగు బతికుందో చచ్చిందో చెప్పేయగలడు. మనుషులు మాత్రం అంతకంటే కష్టమా అనుకుని డిటెక్టివ్ అయ్యాడు. ఇప్పటికి రెండు కేసులు చేశాడు. మొదటిది తన చెప్పుల దొంగతనం. నాలుగు రోజులు వెతికితే తేలిందేమంటే, దొంగిలించింది తనే, తొడుక్కుని తిరుగుతున్నవి పక్కింటాయనవి. రెండోది వీధి చివర సుశీలమ్మ కోడి. పరిశోధన ముమ్మరంగా సాగుతుండగా కోడి నడుచుకుంటూ ఇంటికొచ్చేసింది. “నా పేరు విని భయపడింది,” అన్నాడు ఆదెప్ప. కోడి ఖండించలేదు.

మూడో కేసు ఈ పొద్దున తగిలింది.

సుధారాణి పదిహేనేళ్లుగా ఆ స్టూడియో కంప్యూటర్లో ఫోటోలు దిద్దుతోంది. కత్తెర ఎక్కడుందో, రబ్బరు ఎక్కడుందో, బ్రష్షు ఎక్కడుందో కళ్లు మూసుకున్నా ఆమె చేతికి తెలుసు. అలాంటిది ఈరోజు స్విచ్చేసి చూస్తే ఎడమ పక్క ఏమీ లేదు. ఎప్పటి పనిముట్ల వరస మొత్తం గల్లంతు. స్క్రీన్ మధ్యలో ఒక తెల్ల డబ్బా, అందులో ఇంగ్లీషులో ఒక పలకరింపు: “నమస్తే! ఈరోజు ఏం సృష్టిద్దాం?”

“నీ తలకాయి సృష్టిద్దాం!” అంది సుధారాణి దాంతో.

కత్తెర మీటని నొక్కితే ఒక నక్షత్రం వచ్చి నవ్వింది. రబ్బరు మీటని నొక్కితే “కొత్తగా ఏమేమి వచ్చాయో చూస్తారా?” అంటూ పద్నాలుగు మెట్ల పర్యటన మొదలైంది. వద్దనడానికి బటన్ లేదు. “చూస్తాను”, “తర్వాత చూస్తాను” ఈ రెండే ఉన్నాయి. మూడు చుక్కలు నొక్కితే ఇంకో మూడు చుక్కలు వచ్చాయి. వాటిని నొక్కితే మళ్లీ పలకరింపు దగ్గరికే తెచ్చి వదిలింది.

“పదైదేండ్ల సంసారం చిన్నాయనా! ఉన్నట్టుండి ఎవురో ఇంట్లో సామానంతా అటకెక్కించి, గోడలకి సున్నం కొట్టి, ఇల్లు బాగుండాది కదా అని నన్నే అడిగినట్టుండాది!” అని ఆమె తల పట్టుకుంది.

ఇంతవరకైతే తిట్టుకుని ఊరుకోవచ్చు. అసలు ఘోరం బెంచీ మీద కూర్చుని ఉంది. ఆమె పేరు ఓబులమ్మ. ధర్మవరం నుంచి పొద్దున రైలుకి వచ్చింది. అరవై ఆరేళ్ల మనిషి, నిన్నమొన్నటిదాకా మగ్గం గుంటలో కాళ్లాడించి పట్టుచీరలు నేసింది. మొగుడు గంగప్ప ఇరవై ఎనిమిదో ఏట, కొడుకు చంకలో ఉండగానే, జ్వరమొచ్చి పోయాడు. ఇద్దరూ కలిసి ఒక్క ఫోటో దిగలేదు. ఆయనది మిగిలిందల్లా నేతగాళ్ల సొసైటీ కార్డు మీది గోరంత బొమ్మ. దాన్ని శుభ్రం చేసి, పెద్దది చేసి, ఆమె పక్క కుర్చీలో ఆయన్ను కూర్చోబెట్టడానికి సుధారాణికి నాలుగు రోజులు పట్టింది. ఆ ఫోటో ఈరోజు ఫ్రేము కట్టించి ఇచ్చేయాలి.

ఫైలు తెరిస్తే ఓబులమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. పక్క కుర్చీ ఖాళీ.

“మా ఆయప్ప యాడమ్మా?” అంది ఓబులమ్మ.

“ఈడే ఎక్కడో ఉండాడవ్వా… వస్తాడు,” అంది సుధారాణి.

“రేపు తెల్లార్తో మా హరి కొత్తిల్లు చేరతాండాడు. హాల్లో కోడలి అమ్మానాయనా జంట ఫోటో అప్పుడే తగిలించినారు. ఆ పక్కన మేకు కొట్టించి పెట్టినా. ఈయప్ప లేకుండా నేను ఆ ఇంట్లో అడుగు పెట్టేది లేదమ్మా. కట్టేటప్పుడే చెప్పినా వానికి.”

అదీ సంగతి. మధ్యాహ్నం రెండున్నరకి ఆమె రైలు. గోడ మీద గడియారం పన్నెండు దాటింది.

ఆదెప్ప భూతద్దం తీశాడు. “ఓబులక్కా, భయపడొద్దు! నీ మొగున్ని ఎత్తకపోయినోడు భూమ్మీద యాడున్నా, ఒక గంటలో వాని జుట్టు నా చేతిలో ఉంటాది!”

“ఆయప్ప పోయి నలభై ఏండ్లాయ నాయనా. ఇంగెవురు ఎత్తకపోతారు?”

“అదే ఈ కేసులో మెలిక!” అన్నాడు ఆదెప్ప.

పరిశోధన మొదలైంది. బల్ల కిందికి దూరాడు, తల బల్లకి కొట్టుకున్నాడు, బయటికొచ్చి కీబోర్డు మీదికి వంగాడు. నోటుపుస్తకం తెరిచి గట్టిగా చదువుతూ రాసుకున్నాడు.

“ఆధారం ఒకటి. మీటల సందులో శెనక్కాయ బుడ్డల పొట్టు. అంటే నేరస్తుడు ఈడ కూర్చొని బుడ్డలు తిన్నాడు. ఆధారం రెండు. మౌసు మీద నూనె మరక. వాసన చూస్తే… మిరపకాయ బజ్జీ! నేరస్తుడు బజ్జీలు కూడా తిన్నాడు. చెయ్యి కడుక్కోలేదు. ఆధారం మూడు. కుర్చీ బాగా కిందికి దించిండాడు. పొట్టోడు. తిండిపోతు, పొట్టోడు, శుభ్రం లేనోడు. సుధా, ఇట్లాంటి దుర్మార్గున్ని నువ్వు యాడన్నా చూసినావా?”

సుధారాణి ఆయన వైపు తల నుంచి కాలిదాకా ఒకసారి చూసింది. ఆయన అయిదడుగులకి రెండంగుళాలు ఎక్కువ. చొక్కా జేబు లోంచి బుడ్డల పొట్లం తొంగి చూస్తోంది.

“ఎప్పుడో ఒకసారి చూసిండచ్చు,” అంది.

ఆదెప్పకి అది అందలేదు. “పెనుగొండ!” అని అరిచాడు. “పోయిన వారం మిషను బాగుచేసేదానికి వచ్చినోడు ఎవడు? పెనుగొండ జయరాజు! ఫోను కలుపు!”

జయరాజు పెనుగొండలో ఏదో స్కూల్లో బల్ల కింద పడుకుని వైర్లు బిగిస్తున్నాడు. ఫోన్ స్పీకర్లో పెట్టారు.

“జయరాజూ! నేను డిటెక్టివ్ ఆదెప్పని. ఆట ముగిసింది. ఓబులక్క మొగున్ని యాడ దాచినావు?”

“ఎవురి మొగుడు? ఏమప్పా, పట్టపగలే ఏమన్నా తాగినావా?”

సుధారాణి ఫోన్ లాక్కుని జరిగింది చెప్పింది. జయరాజు నిట్టూర్చాడు. “దొంగా లేడు, గింగా లేడు అక్కా. కొత్త వెర్షను వచ్చింటాది. వాళ్లకి పనిలేకపోతే బటన్లు అటివి ఇటు పెడతాంటారు. ఊరంతా నన్నే తిడతాంది. కానీ అదంతట అది మారదు, ఒప్పుకుంటావా అని అడుగుతాది. ఎవురో సరే అని నొక్కింటారు. హెల్ప్ అని ఉంటాది చూడు, దాంట్లో టైముతో సహా ఉంటాది.”

వెతగ్గా వెతగ్గా హెల్ప్ కూడా మూడు చుక్కల్లోనే దొరికింది. నిన్న మధ్యాహ్నం ఒంటిగంటా నలభై నిమిషాలు.

“ఆ టైములో నేను అన్నానికి ఇంటికి పోయింటి,” అంది సుధారాణి నెమ్మదిగా. “షాపులో ఎవురుండ్రి చిన్నాయనా?”

ఆదెప్ప చెయ్యి జేబులోని బుడ్డల పొట్లం మీదికి పోయింది. నిన్న మధ్యాహ్నం ఈ కుర్చీలోనే, విజిటింగ్ కార్డు కోసం దిగిన తన ఫోటోని, ఆ టోపీ, ఆ కళ్లద్దాలు, పెద్దది చేసుకుని మైమరచి చూస్తూ, బజ్జీలు తింటూ కూర్చున్నది ఎవరు? సరిగ్గా మీసం మీదికి ఒక డబ్బా వచ్చి ఇంగ్లీషులో ఏదో అడిగితే, అడ్డం తప్పుకో అని నీలం బటన్ నొక్కింది ఎవరు?

అబద్ధం చెప్పేద్దామని ఒక్క నిమిషం అనిపించింది. పిల్లి తొక్కిందని చెప్పొచ్చు. అంతలో ఓబులమ్మ కనపడింది. ఆమె ఎవరి వైపూ చూడటం లేదు. స్క్రీన్ మీది ఖాళీ కుర్చీనే చూస్తోంది. ముప్పై ఏళ్లు చచ్చిన పురుగేదో బతికిన పురుగేదో తేల్చిన మనిషికి తన లోపల ఏదో ముడుచుకుపోయినట్టయింది. సిగ్గేసింది.

కళ్లద్దాలు తీసేశాడు. డిటెక్టివ్‌గా ఎప్పటికైనా చెప్పాలని ఏళ్లుగా అద్దం ముందు సాధన చేసిన మాట ఒకటుంది. ఇంత చిన్న గొంతుతో చెప్పాల్సొస్తుందని మాత్రం అనుకోలేదు.

“నేరస్తుడు ఈ గదిలోనే ఉండాడు. నేనే అక్కా. నేనే నొక్కినా.”

ఫోన్లోంచి జయరాజు, “పాతది మళ్లా ఎక్కించల్లంటే నేనే రావల్ల. సాయంత్రం అయిదవుతాది,” అన్నాడు.

“అయిదుకి నాకు రైలేదప్పా,” అంది ఓబులమ్మ. అరవలేదు, తిట్టలేదు. సంచి చంకన పెట్టుకుని లేచింది. “పోనీలే తల్లీ. ఒకందుకు మంచిదేలే. నిన్ననే అనుకుంటి… ఆయప్ప ఇరవై ఎనిమిదేండ్ల పిలగాడు, నేను పండ్లూడిన ముసల్దాన్ని. చూసినోళ్లు మొగుడంటారా, కొడుకంటారా? నన్ను రవంత వయసు తగ్గించమని నిన్నడిగితి కదా, నీకూ చేత కాకపాయ.”

“తగ్గిస్తే నువ్వు నువ్వు మాదిరి లేవవ్వా,” అంది సుధారాణి. ఆమెకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఆదెప్ప తట్టుకోలేకపోయాడు. “అక్కా, పోవద్దు! నీ కాళ్లు మొక్కుతా!” అంటూ ఒక్క ఉదుటున ముందుకొచ్చాడు. పొద్దున సుధారాణి హెచ్చరించిన వైరు అక్కడే ఉంది. కాలు దాంట్లో చిక్కుకుంది. డిటెక్టివ్ ఆదెప్ప గాల్లోకి లేచి, కీబోర్డు మీద మోచేత్తో, మౌసు మీద అరచేత్తో, బల్ల మీద బొర్లా పడ్డాడు.

స్క్రీన్ కుడి పక్కనుంచి ఒక పలక జారుతూ బయటికొచ్చింది. “దాచిన భాగాలు” అని ఇంగ్లీషులో ఉంది. ఖాళీ కుర్చీలో గంగప్ప ప్రత్యక్షమయ్యాడు.

“వచ్చినాడవ్వా! వచ్చినాడు!” అని సుధారాణి కేక పెట్టింది. “చిన్నాయనా, కదలొద్దు! అట్లనే ఉండు!”

ఉండమంటే ఉండే స్థితిలో ఆయన లేడు. బల్ల అంచు మీంచి జారుతున్నాడు. ఆసరాకని మౌసునే గట్టిగా పట్టుకుని కుడివైపుకి ఈడ్చాడు. ఆ పలక మీద ఒక గీత, గీత మీద చిన్న గుండు, పైన “వయసు” అని ఇంగ్లీషు మాట. గుండు కుడికి జరిగేకొద్దీ గంగప్ప కణతల దగ్గర జుట్టు నెరిసింది. నుదుట గీతలు పడ్డాయి. బుగ్గలు లోపలికి పోయాయి. మీసం తెల్లబడింది. ఆదెప్ప దబ్బుమని నేల మీద పడేసరికి గంగప్పకి డెబ్బై ఏళ్లకి దగ్గర పడ్డాయి.

“అయ్యయ్యో, చెడిపాయ! వెనక్కి తీస్తానుండవ్వా!” అని సుధారాణి మౌసు అందుకుంది.

“ఉండమ్మా.”

ఓబులమ్మ సంచి కింద పెట్టి స్క్రీన్ దగ్గరికి వచ్చింది. చీరకొంగుతో స్క్రీన్ మీది దుమ్ము తుడిచింది, ముందు ఆయన నుదురు, తర్వాత బుగ్గలు. చాలాసేపు చూసింది.

“ముసలోడైతే ఇట్లుంటాండెనేమో,” అంది. “అచ్చం మా మామ మాదిరి. చెవులు సూడు, అవే చెవులు.” నవ్వింది. నవ్వుతూనే కళ్లొత్తుకుంది. “నలభై ఏండ్లు నన్నొక్కదాన్నే ముసల్దాన్ని కమ్మని, నువ్వు మాత్రం పిలగాని మాదిరే కూర్చుంటివే. ఇప్పుడు వచ్చినావు నా జతకి.”

సుధారాణి మౌసు మీంచి చెయ్యి తీసేసింది.

“ఇదే ఇయ్యమ్మా నాకు,” అంది ఓబులమ్మ.

నేల మీంచి ఆదెప్ప తల ఎత్తాడు. “సుధా, నేను లేయొచ్చునా?”

“సేవ్ చేసేది యాడుందో కనపడేదాకా లేయొద్దు. నువ్వు లేస్తే మళ్లా ఏం నొక్కుతావో!”

సేవ్ ఎక్కడుందో కనుక్కోవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అంతసేపూ ఆదెప్ప చేతులు రెండూ తల మీద పెట్టుకుని, లొంగిపోయిన దొంగలా, నేల మీదే కూర్చున్నాడు.

రెండుంబావుకి ఫ్రేము చంకన పెట్టుకుని ఆయనే ఓబులమ్మను స్టేషన్‌కి తీసుకెళ్లి రైలెక్కించాడు. ఎదురు సీటామె ఫ్రేము వైపు మెడ సాచి చూసింది. ఓబులమ్మ ఊపిరి బిగబట్టింది. కిటికీ బయట ఆదెప్ప కూడా బిగబట్టాడు.

“మీ ఇంటాయనా అవ్వా?” అంది ఆమె. “ఇద్దరూ సక్కగుండారు.”

“ఆ, మా ఆయనే,” అంది ఓబులమ్మ, ఫ్రేముని ఒళ్లో సర్దుకుంటూ. “కొడుకు కొత్తింటికి పోతాండాం.”

రైలు కదిలింది. ఆదెప్ప ప్లాట్‌ఫాం మీద నిలబడి నోటుపుస్తకం తెరిచాడు. “కేసు మూడు. పోయిన మనిషి దొరికినాడు. నేరస్తుడు కూడా దొరికినాడు,” అని రాశాడు. పేరు రాయాల్సిన చోట కాసేపు ఆలోచించి, కోడి అని రాద్దామనుకుని, కొట్టేసి, ఆదెప్ప అని రాసుకున్నాడు.