సగం హైఫై సెట్టు

ఆ ఆదివారం టిఫిన్ అయ్యేలోగా నాన్నగారి పాత హైఫై స్పీకర్లను కొత్త కంప్యూటరుతో పాడించెయ్యాలని తెనాలిలో భరద్వాజగారు అనుకున్నారు.

ఆ సెట్టు పంపకాల్లో రెండు ముక్కలైంది. బీరువాల్లాంటి స్పీకర్లు భరద్వాజగారికి, శబ్దం పెంచే ఆంప్లిఫైయరు రేపల్లెలో ఉన్న అక్కయ్య శేషారత్నానికి వచ్చాయి. ఆరోజు మాటా మాటా పెరిగి, అప్పట్నుంచీ ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. సగం సెట్టుతో పాట రాదని ఇద్దరికీ తెలుసు. ముందు ఎవరు ఫోను చెయ్యాలన్నదే తేలలేదు. భరద్వాజగారికి అక్కయ్యంటే ప్రాణమే గానీ, ఆ సంగతి ఆవిడతో చెప్పడానికి పౌరుషం అడ్డం.

“వదినగారిని అడగకూడదా?” అంది భార్య అనంతలక్ష్మి.

“అక్కర్లేదు. కంప్యూటరుంటే చాలు.”

చాలలేదు. తిన్నగా కంప్యూటరుకు తగిలిస్తే దోమ పాడినట్టుంది. పట్టు వదలకుండా మైకుసెట్టు కొండలరావు దగ్గర ఆంప్లిఫైయరు తెచ్చి మధ్యలో పెట్టారు. ఈసారి వంటింట్లో గిన్నెలు అదిరాయి. భార్య పోరు పడలేక స్పీకర్లను వరండాలోకి మార్చి, చేతికందిన సీడీ వేశారు. అది స్నేహితుడి కొడుకు పెళ్ళిది. సన్నాయి వీధి చివరిదాకా వెళ్ళింది.

వరండాలో మైకుసెట్టు, సన్నాయి. ఇంట్లో డిగ్రీ అయిపోవచ్చిన కూతురు దివ్య. వీధికి అంతకన్నా ఏం కావాలి.

ఎదురింటి కోటేశ్వరమ్మ పట్టుచీర కట్టుకుని వచ్చేసింది. “పిలవకపోతే రాననుకున్నావా వదినా? పిల్లాడిది ఏ ఊరు?”

విషయం చెప్పేముందు కాఫీ ఇవ్వడం అనంతలక్ష్మికి అలవాటు. కాఫీ గ్లాసులు చూసి పక్కిళ్ళవాళ్ళూ వచ్చారు. కోటేశ్వరమ్మ ఈలోగా బాపట్లలో ఉన్న చెల్లెలికి ఫోను చేసింది. ఆ చెల్లెలి వియ్యపురాలిది రేపల్లె.

“నాన్నా, పెళ్ళికొడుకెవరో నాక్కూడా చెప్పండి,” అంది దివ్య.

మధ్యాహ్నానికి గుమ్మం ముందు ఆటో ఆగింది. శేషారత్నం చీర పొట్లంతో దిగింది.

“మేనత్తనిరా. నిశ్చయ తాంబూలాలకి నన్ను పిలవవా?” అంది ఆవిడ గుమ్మంలోనే నిలబడి.

“తాంబూలాలూ లేవు, ఏమీ లేవక్కయ్యా. స్పీకర్లకి ఆంప్లిఫైయరు తెచ్చి పెట్టానంతే.”

“నాదడగొచ్చుగా?”

“ఇవ్వనంటావేమోనని.”

“ఇద్దామన్నా లేదురా. తీసుకెళ్ళిన వారానికే కాలిపోయింది. నీకు ఏ మొహంతో చెప్పను? అందుకే ఫోను చెయ్యలేదు.”

ఇన్నాళ్ళూ తాను అలిగింది కాలిపోయిన పెట్టె కోసమని భరద్వాజగారికి అర్థమైంది. నవ్వూ వచ్చింది, కళ్ళూ చెమర్చాయి. అక్కయ్య చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి స్పీకరు పక్కన కూర్చోబెట్టారు. ఎలాగూ తెచ్చానని ఆ చీరను ఆవిడ దివ్యకే ఇచ్చింది.

సాయంత్రం దాకా దంపతులు వచ్చినవాళ్ళందరికీ అసలు విషయం చెబుతూనే ఉన్నారు. అయినా కాఫీ తాగి వెళ్ళినవాళ్ళంతా పెళ్ళికొడుకు బాగున్నాడనే చెప్పుకున్నారు.