ట్రావెల్ రూల్ పుట్టింది మా పల్లెవెలుగు బస్సులో

క్రిప్టో పంపినా, పుచ్చుకున్నా, ఇచ్చేదెవరో తీసుకునేదెవరో పేరూ ఊరూ సహా చెప్పి తీరాలని ఒక నిబంధన ఉంది. దాన్ని ట్రావెల్ రూల్ అంటారు. పారిస్‌లో కోట్లు తొడుక్కున్న పెద్దమనుషులు కూర్చుని దాన్ని కనిపెట్టారని చదువుకున్నవాళ్లు చెబుతారు. నమ్మకండి! అది ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయే పల్లెవెలుగు బస్సులో పుట్టింది. కనిపెట్టింది మా పెద్దమ్మ సిద్దమ్మ.

అనుమానముంటే ఆమె పక్క సీట్లో కూర్చుని చూడండి. బస్సు ఊరు దాటకముందే మీ పేరు, మీ నాయన పేరు, మీ జీతం, ఎందుకు పోతున్నారు, పోయి ఎవరింట్లో దిగుతారు, అన్నీ ఆమెకు తెలిసిపోతాయి. కండక్టర్ టికెట్ కొట్టేలోగా కేవైసీ పూర్తి! చెప్పనని బిగుసుకుంటే, చెప్పుకోలేనంత చెడ్డ ఊరా నాయనా మీది అని జాలిపడుతుంది. ఆ జాలిని తట్టుకున్న మగాడు ఇంతవరకు జమ్మలమడుగులో దిగలేదు.

అందుకే ఈ నిబంధన మీద గొణిగేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ప్రైవసీ పోతోందట! ఏ ప్రైవసీ? పులివెందులలో అరటి గెలల వ్యాపారం చేసే నా స్నేహితుడు బాషా ఇంట్లో ఏం వండారో ఆ వీధి చివరి ఇంటికి ఉప్పూకారంతో సహా తెలుసు. ప్రొద్దుటూరు బంగారు అంగట్లో ముక్కుపుడక బేరమాడండి, పెండ్లి ఎవరికని అంగడాయన అడగకముందే పక్కనున్న గిరాకీ అడుగుతుంది. మనకు ఎన్నడూ లేనిదాన్ని ఎవరో ఎత్తుకుపోయారని ఏడవడం దేనికి?

నేనూ కాస్త క్రిప్టో కొన్నాను. ఎందుకు కొన్నావని మీరు అడక్కండి, మా ఆవిడ రోజూ అడుగుతోంది. దాన్ని యాప్‌లోని నా ఖాతా నుంచి నా సొంత వాలెట్‌కు మార్చబోతే యాప్ ఆగిపోయి, తీసుకునే వ్యక్తి మీకు బాగా తెలుసా అని అడిగింది. చాలాసేపు ఆలోచించాను. పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను గానీ, నమ్మదగ్గ మనిషని రాసివ్వడానికి చెయ్యి రాలేదు. ఇంత లోతైన ప్రశ్న నన్ను ఏ స్వామి అడిగాడు? ఆ తర్వాత సెల్ఫీ కోసం ఎడమకు తిరగమంది, కుడికి తిరగమంది, నవ్వమంది. మా ఇంట్లో నన్ను నవ్వమని అడిగి ఎన్నేళ్లయిందో చెప్పుకుంటే మీరు కన్నీళ్లు పెట్టుకుంటారు!

సరే, అసలు సంగతికి వస్తాను. సిద్దమ్మ మనవరాలు గీతాంజలి ఇడుపులపాయలో ఇంజనీరింగ్ చదువుతోంది. యూరప్‌లో ఎవరో పెట్టిన ఆన్‌లైన్ కోడింగ్ పోటీలో ఈమధ్య గెలిచింది. ఆ పిల్ల ల్యాప్‌టాప్ తెర సగం నల్లబడిపోయింది. మిగిలిన సగంలో ప్రోగ్రాములు రాసి మరీ గెలిచింది! ఆ బహుమతితో కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కోవాలని ఆశ. కానీ బహుమతి క్రిప్టోలో వచ్చి యాప్‌లో ఇరుక్కుంది. పంపినవాళ్లు తమ వివరాలు చెప్పేశారు. తీసుకునే పిల్ల ఎవరో శుక్రవారంలోగా తేలకపోతే బహుమతి వచ్చిన దారినే వెనక్కి పోతుంది.

యాప్ కంపెనీ నుంచి వెరిఫికేషన్ ఆఫీసర్ ఫోన్ చేసినప్పుడు మేమంతా కొండాపురం దగ్గరి కాలనీలో, సిద్దమ్మ ఇంట్లో ఉన్నాం. నన్ను ప్రత్యేకంగా పిలిపించారు, మా వంశంలో క్రిప్టో మేధావిని నేనే కాబట్టి. ఆఫీసర్ మర్యాదగా గీతాంజలిని పుట్టిన తేదీ అడిగాడు. అంతే, పెద్దమ్మ ఫోన్ లాక్కుంది. కాసేపట్లోనే అతని పేరు జయప్రకాష్ అనీ, బెంగళూరులో ఉంటాడనీ, ఇంకా పెండ్లి కాలేదనీ, సొంతూరు పెద్దముడియం అనీ, తల్లి సారమ్మ రిటైరైన టీచరనీ బయటపడింది.

"సారమ్మ టీచరు కొడుకువా! మా పిల్లోల్లకు అక్షరాలు దిద్దించింది మీ అమ్మే కదప్పా. ఆయమ్మ మోకాళ్ల నొప్పులు ఎట్లుండాయి?"

మోకాళ్లు కూడా కేవైసీలో చేరాయి. చూశారా పాఠకులారా, నిబంధన అంటే ఇదీ! ఇంకెక్కడి అపరిచితుడు?

కానీ జయప్రకాష్ ఉద్యోగస్థుడు. శానా మొహమాటపడుతూ ఇంకొక్కటి మిగిలిందన్నాడు. ఆధార్‌లో ఉన్న చిరునామా దగ్గర నిలబడి లైవ్ వీడియో చూపించాలట. నిజంగా అక్కడే ఉన్నామో లేదో యాప్ తనే కనిపెడుతుందట.

అక్కడే వచ్చింది చిక్కు. గీతాంజలి ఆధార్‌లో ఉన్నది మా పాత ఊరు, నల్లగుట్టపల్లె. ఆ ఊరిప్పుడు గండికోట జలాశయంలో ఉంది. ఒడ్డున కాదు, లోపల. చిరునామా మార్చుకోవాలంటే, ఊరు మునిగినాక ఇచ్చిన ఈ కాలనీ ఇంటికి పట్టా కావాలి. ఆ పట్టా వస్తాందని ఆఫీసులో చెబుతున్నారు. పిల్ల స్కూల్లో ఉన్నప్పుడూ వస్తాందనే చెప్పారు.

గురువారం పొద్దున చేపలవాళ్ల పుట్టి, అదే గుండ్రటి బుట్ట పడవ, అడుక్కుని బయల్దేరాం. గీతాంజలి ఫోన్ పట్టుకుంది. నేను పుట్టి అంచు పట్టుకున్నాను, నాకు ఈత రాదు. మీ చిరునామాకు దగ్గరయ్యారు, దగ్గరయ్యారు అని యాప్ ఉత్సాహపరుస్తోంది. పెద్దమ్మ దాన్ని పట్టించుకోకుండా కొండ కొమ్ము కేసి చూసి, ఇది రచ్చబండ, ఇది మన గొర్రెల దొడ్డి అని నీళ్లను చూపిస్తూ పోయింది. ఒకచోట ఆపమంది. యాప్‌లో పచ్చ టిక్ పడింది!

ఇక వీడియో మొదలైంది. తలుపు పక్కన నిలబడమని యాప్ ఆజ్ఞ. ఇంటి నంబర్ కనిపించాలని ఇంకో ఆజ్ఞ. నిలబడితే పుట్టి బోర్లా పడుతుంది, నంబర్ కావాలంటే నేను మునగాలి. తెర మీద జయప్రకాష్ ముఖం పాలిపోయింది. పాపం, తన కాగితంలో ఉన్న ఆఖరి ప్రశ్న చదివాడు, ఈ ఇంట్లో ఉండేది మీరేనా అమ్మా అని.

ప్రపంచంలో ఎవరినైనా ఏదైనా అడిగే మా పెద్దమ్మ ఆ ప్రశ్న వినగానే ఫోన్ వైపు కాక నీళ్ల వైపు తిరిగింది. చెయ్యి నీళ్లలో పెట్టింది.

"మేమే నాయనా. నీళ్లు వదిలినప్పుడు ఈ మాట ఎవురూ అడగలేదు. నువ్వన్నా అడిగినావు."

నేను కళ్లు తుడుచుకున్నాను. నీళ్లు చిందాయని గీతాంజలికి చెప్పాను.

సాయంత్రానికి మెయిల్ వచ్చింది. చిరునామా ఖరారైంది, బహుమతి విడుదలైంది. ల్యాప్‌టాప్ ఆర్డర్ పెట్టాం. డెలివరీకి మాత్రం కాలనీ అడ్రస్ ఇచ్చాం, ల్యాప్‌టాప్ వాటర్‌ప్రూఫ్ కాదట.

కాబట్టి మళ్లీ చెబుతున్నాను, ట్రావెల్ రూల్ వరం! ఒక ల్యాప్‌టాప్ డబ్బు మా ఇంటికి రావడానికి పంపేదెవరు, తీసుకునేదెవరు, ఎందుకు, తీసుకునేవాళ్లు నిజంగా అక్కడే ఉన్నారా అని అన్నీ అడిగారు. మంచిదే. అంతకుముందు అదే చిరునామాకు ఒక ఏరు ఏరంతా వచ్చింది. దానికి ఒక్క ప్రశ్న కూడా లేదు.