సిలబస్ చదివిన పాపానికి

సిలబస్ చదవకపోవడమే విద్యకు మొదటి మెట్టు! నవ్వకండి, నిజమే చెబుతున్నాను.

పద్నాలుగు పేజీల కాగితాల కట్ట. వాన పడితే నెత్తిన పెట్టుకోవచ్చు. బల్ల ఊగుతుంటే కాలి కింద దోపొచ్చు. ఉక్కపోస్తే విసురుకోవచ్చు. ఇన్ని సుగుణాలున్న వస్తువును పట్టుకుని చదువుతారా ఎవరైనా?

మా పిన్ని చదివింది!

పిన్ని టైలరు. నలభై ఆరేళ్లకి కాలేజీలో చరిత్ర కోర్సులో చేరింది. కొలతల చీటీ చూడందే కత్తెర పట్టని మనిషి, సిలబస్‌నీ అక్షరం పొల్లుపోకుండా చదివేసింది.

ఏడో వారం, సోమవారం దగ్గర ఇలా ఉంది: "క్లాసుకు బదులు కాలేజీ వెనక మడుగు దగ్గర కప్పల పరిశీలన. రబ్బరు బూట్లు తప్పనిసరి."

చరిత్రకీ కప్పలకీ ఏం సంబంధం? పిన్నికీ అనుమానం వచ్చింది. 'అంత చదువుకున్న లెక్చరరు గారు ఊరికే రాస్తారా' అని సర్దుకుని, బాబాయి బూట్లలో కాళ్లు దూర్చి, వేళకి మడుగు గట్టున నిలబడింది. గంట గడిచింది. కప్పలు వచ్చాయి. లెక్చరరు రాలేదు!

ఆయన క్లాసు గదిలో హాయిగా పాఠం చెప్పుకుంటూ పిన్నికి ఆబ్సెంట్ వేశారు. పోనీలే అనుకోవడానికి లేదు. స్కూలు యూనిఫారాలు కుట్టే హడావిడిలో పిన్ని అప్పటికే చాలా క్లాసులు మానేసింది. ఇదొక్కటీ పోతే పరీక్షకి కూర్చోనివ్వరు!

బూట్లయినా విప్పకుండా లెక్చరరు దగ్గరికి నడిచింది.

"కప్పలేంటమ్మా?" అన్నారాయన.

"మీరు రాసిందేనండీ."

ఆయన కాగితం అటూ ఇటూ తిప్పారు. జంతుశాస్త్రం చెప్పే బావమరిది సిలబస్ మీదే తన పాఠాలు ఎక్కించుకుంటూ, పాపం, ఏడో వారం మార్చడం మర్చిపోయారట.

"ఇలాంటివి చదవకూడదమ్మా, ఆమాత్రం తెలీదా?" అన్నారు నొచ్చుకుంటూ.

పంచాయితీ ప్రిన్సిపాల్ గదికి చేరింది. ఆయన చివరి పేజీలో సంతకం చూసి ఉలిక్కిపడ్డారు. అది ఆయనదే!

"ఇప్పుడేం చేద్దామంటారమ్మా?"

"నాకు అటెండెన్స్ వేయండి సార్. సిలబస్ ప్రకారం ఆ రోజు వచ్చింది నేనొక్కదాన్నే. ఆబ్సెంట్ వేయాల్సింది మిగతా అందరికీ." పిన్ని లెక్చరరు వైపు తిరిగింది. "సార్‌తో సహా."

అటెండెన్స్ పడింది. పిన్ని పరీక్ష రాసింది, పాసైంది.

కాలేజీ కూడా ఊరుకోలేదు. వెంటనే నోటీసు బోర్డుకి ఉత్తర్వు ఎక్కించింది: "సిలబస్ చదవదలచిన విద్యార్థులు ముందుగా రాతపూర్వక అనుమతి పొందవలెను."

కప్పల్ని మాత్రం ఎవరూ తీయలేదు. తీయాలంటే సిలబస్ చదవాలి కదండీ!