గిన్నె మీద పేరు

సెలవుల బైబిలు పాఠశాల తొమ్మిదో రోజుకు స్టెల్లా వేసుకున్న ప్రణాళికలో ఆపద అనదగినది ఏదీ లేదు. ఎనిమిదింటికి పాట, ఆ తరువాత జక్కయ్య కథ, తొమ్మిదింటికి ఉప్మా, చివరగా పిల్లలకు ఇంటి దగ్గర చేయవలసిన ఒక పని. ఆ ఊరు కొల్లేటి గట్టున ఉంది. ఏలూరు నుంచి వచ్చే బస్సు అక్కడి నుంచి ముందుకు పోవడానికి దారి లేక వెనక్కి తిరుగుతుంది. అలాంటి ఊరి పిల్లలకు పాఠాన్ని నోటితో కాక చేతులతో నేర్పాలని ఆమె పట్టుదల. అందుకోసం ఏలూరులో మూడు రోజుల శిక్షణ కూడా పొంది వచ్చింది.

ఆదివారపు బడి పర్యవేక్షకులు నెహెమ్యా మాస్టారికి ఈ పట్టుదల నచ్చలేదు. పదవీ విరమణ చేసిన ప్రధానోపాధ్యాయులాయన. నలభై ఏళ్ళు పిల్లల చేత వచనాలు వల్లె వేయించారు. ఆయన శిష్యులకు వచనం నోటికి వచ్చేది. దానితో ఏం చేయాలో మాత్రం ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

"చూడమ్మా స్టెల్లా, ఈ ఒక్క ఏడూ నీ ఇష్టం. సంఘంలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు ఫిర్యాదు చేశారో, వచ్చే ఏడు నీ చార్టులన్నీ అటకెక్కుతాయి. మళ్ళీ వచనం, బెంచీ, బెత్తం" అని మొదటి రోజే చెప్పారు.

"అలాగేనండీ మాస్టారూ" అంది స్టెల్లా. ఎనిమిది రోజులూ ఏ ఫిర్యాదూ రాలేదు. మాస్టారు రోజూ సాయంత్రం వచ్చి, "ఎవరైనా ఏమైనా అన్నారా?" అని ఆశగా అడిగి వెళ్ళేవారు.

ఆ ఉదయం పదిహేడుమంది పిల్లలూ జక్కయ్య చెట్టుకు బదులు నిలబెట్టిన నిచ్చెనను వరసగా ఎక్కి దిగారు. పన్నుల పేరుతో జనాన్ని దోచిన జక్కయ్య యేసును చూడడానికి చెట్టెక్కిన వైనం వారికి బాగా నచ్చింది. ఆయన తన ఇంటికి అతిథిగా వచ్చాక జక్కయ్య మనసు మారి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్న మాట ఇంకా నచ్చింది.

"ఇప్పుడు మనమూ జక్కయ్యలమే" అంది స్టెల్లా. "మీ ఇళ్ళలో వేరేవాళ్ళ వస్తువు ఏదైనా ఉండిపోయిందేమో వెతకండి. దొరికితే తీసుకెళ్ళి, 'ఇది మీది, మా దగ్గర ఉండిపోయింది, క్షమించండి' అని చెప్పి ఇచ్చి రండి."

"వేరేవాళ్ళదని ఎలా తెలుస్తుంది టీచర్?" అని అడిగింది క్యాథరిన్. ఎనిమిదేళ్ళది, నెహెమ్యా మాస్టారి మనవరాలు.

స్టెల్లా అప్పుడు నిచ్చెన మడుస్తోంది. వెనక్కి తిరగకుండానే, "పేరుంటుంది కదమ్మా" అంది.

ఆ రెండు మాటలూ ఊరిని ముంచాయి. తెలుగిళ్ళలో స్టీలు గిన్నె మీద పేరు కొట్టించుకునేది సొంతదారు ఒక్కరే కారు. పెళ్ళికి బిందె పెట్టినవారు, పుట్టువెంట్రుకలకు పళ్ళెం ఇచ్చినవారు, గృహప్రవేశానికి క్యారేజీ తెచ్చినవారు తమ పేరు కొట్టించి మరీ ఇస్తారు. పిల్లలు గిన్నెల మీది పేర్లు చదివారు. చదివినది నమ్మారు. కానుక ఇచ్చినవారి ఇళ్ళకు కానుకలు మోసుకుంటూ బయలుదేరారు.

మొదటి బిందె పోతురాజు గడప చేరింది. ఆయనకు కొల్లేటిలో రెండు చేపల చెరువులున్నాయి. సంఘస్థుడైన జాకబ్‌కు చిన్ననాటి స్నేహితుడు. జాకబ్ పెళ్ళికి ఆయన పెట్టిన బిందెను జాకబ్ కూతురు ఆయన ముందే దించి, నేర్పిన మాట నేర్పినట్టు చెప్పి వెళ్ళిపోయింది. పావుగంటలో పోతురాజు జాకబ్ వాకిట్లో ఉన్నాడు. వెనక ఆయన భార్య మరిడమ్మ ఒక గంగాళం పట్టుకుని నిలబడింది.

"ఏవండీ జాకబ్ గారూ, ఆ మాటేదో మొహం మీద చెప్పలేకపోయారా? పసిపిల్లతో బిందె పంపిస్తారా?"

"ఏ బిందండీ?"

"ఏ బిందా? మీ పెళ్ళికి నేను పెట్టిందండీ! మొన్న నీళ్ళ ఇంజను ఇవ్వలేదనే కదా ఇదంతా? అది నిజంగానే రిపేర్లో ఉందండీ బాబూ!"

"నిజంగానే రిపేర్లో ఉందా?" అన్నాడు జాకబ్ ఆశ్చర్యంగా. "ఇవ్వడం ఇష్టంలేక అలా అన్నారనుకున్నానండీ."

"అదిగో, విన్నావా మరిడమ్మా? కడుపులో ఉన్నది బయటపడింది!"

మరిడమ్మ గంగాళాన్ని అరుగు మీద దించింది. "దీని మీద మీ నాన్నగారి పేరుందండి. ఇక ఇదీ మీదే. శీలావతి చేప కావాలంటే ఇకనుంచి బజార్లో కొనుక్కోండి."

ఇలాంటి సంభాషణలు పదకొండింటికల్లా పదమూడు వాకిళ్ళలో నడిచాయి. కానుక వెనక్కి వచ్చిన ప్రతి ఇంటివారూ అవతలివారి కానుకను వెదికి పట్టుకెళ్ళి పడేశారు. వీధంతా స్టీలు సామాన్ల కొట్టులా తయారైంది. పిల్లలు దూరాన్ని కూడా లెక్కచేయలేదు. ఒక ఇంట్లో దొరికిన, పెంటపాడు మేనమామ పేరున్న క్యారేజీని బస్సు కండక్టరుకు అప్పగించారు. అతను దాన్ని ఏలూరులో పెంటపాడు వైపు పోయే తాడేపల్లిగూడెం బస్సు ఎక్కించాడు. రెండింటికల్లా మేనమామ నుంచి ఫోను వచ్చింది.

"చెల్లికి పెట్టిన క్యారేజీ వెనక్కి పంపుతారా? పంపితే పంపారు, మూత ఏదండీ?"

అందరూ కలిసి నెహెమ్యా మాస్టారి దగ్గరికి వెళ్ళారు. ఆయన ఒక్క ఫిర్యాదు కోరుకున్నారు, పద్నాలుగు వచ్చాయి. అన్నింటినీ తెల్లకాగితం మీద వరస సంఖ్యలు వేసి రాసుకున్నారు. సాయంత్రం అయిదింటికి గుడిలో సంఘం కూడాలని కబురు చేశారు.

అయిదింటికి గుడి నిండింది. పోతురాజు దంపతులు సంఘంవారు కాకపోయినా బిందెతో సహా వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. స్టెల్లా గోడవారన నిలబడింది. చుట్టిన చార్టులు ఆమె చేతిలోనే ఉన్నాయి, అటకకు సిద్ధంగా. ఆఖరి వరసలో, తలుపు పక్కన, యేసమ్మ కూర్చుంది. ఇరవై ఏళ్ళు సంఘపు ప్రేమవిందుకు వండిన మనిషి ఆమె. రెండేళ్ళ క్రితం క్రిస్మస్ మర్నాడు సంఘంవారి ఇత్తడి గుండిగ కనిపించకుండా పోయింది. వంటచేసింది ఆమె కనుక తీసింది కూడా ఆమే అయి ఉంటుందని నెహెమ్యా మాస్టారు ఇదే గుడిలో తీర్పు చెప్పారు. విచారణ జరగలేదు. అప్పటి నుంచి వంటవాళ్ళు భీమడోలు నుంచి వస్తున్నారు. యేసమ్మ ఆఖరి వరసలో కూర్చుంటోంది.

మాస్టారు కాగితం విప్పారు. "వస్తువు ఎవరిదో, ఎవరింట్లో ఎందుకుందో విచారించకుండా తొందరపడితే ఇలాగే ఉంటుంది. ఇదా చదువు?"

"తప్పు నాదేనండీ" అంది స్టెల్లా. "పేరుంటుందని పిల్లలకు చెప్పింది నేనే. ఇచ్చినవాళ్ళ పేరు కూడా ఉంటుందన్న ఆలోచన రాలేదు. జాకబ్ గారికి గాని, మరెవరికి గాని ఇందులో ఏమీ తెలియదు. మీ స్నేహాలు చెడగొట్టుకోకండి."

పోతురాజు జాకబ్ వైపు చూశాడు. జాకబ్ బిందె వైపు చూశాడు.

"అయితే మీరు పంపలేదాండీ?"

"మీరొచ్చేసరికి నేను అప్పుడే చెరువు దగ్గర్నుంచి వచ్చానండీ."

"ముందే చెప్పొచ్చు కదండీ!"

"మీరు చెప్పనిచ్చారా?"

గుడిలో నవ్వు మొదలైంది. మాస్టారు బల్ల చరిచారు. "నవ్వులాట కాదు! ఫిర్యాదులు ఫిర్యాదులే. వచ్చే ఏడు నుంచి..."

అప్పుడే బయట రోడ్డు మీద గడగడమని చప్పుడైంది. క్యాథరిన్, ఆమెతో నలుగురు పిల్లలు, ఒక పెద్ద ఇత్తడి గుండిగను దొర్లించుకుంటూ గుమ్మందాకా వచ్చారు. గడప దాటించలేక అక్కడే ఆపారు.

"ఆలస్యమైంది టీచర్, సారీ. చాలా బరువుగా ఉంది" అంది క్యాథరిన్ రొప్పుతూ. "తాతయ్యగారు ప్రార్థన చేసుకునే స్టూలు ఉందే, అది స్టూలు కాదు. లేసుగుడ్డ, చెక్కపలక తీస్తే ఇది బోర్లించి ఉంది. పేరు తలకిందులుగా ఉంటే నేనూ తలకిందులుగా వంగి చదివాను. 'సంఘ ప్రేమవిందు నిమిత్తం' అని ఉంది." తరువాత సంఘం వైపు తిరిగి, నేర్పిన మాట నేర్పినట్టు చెప్పింది. "ఇది మీది. మా దగ్గర ఉండిపోయింది. క్షమించండి."

నెహెమ్యా మాస్టారు భార్య వైపు చూశారు. ప్రభావతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచింది.

"ఆ రోజు పప్పుచారు మిగిలితే గుండిగతోనే ఇంటికి తెప్పించానండీ. మర్నాడు తోమి పంపుదామనుకున్నాను. ఈలోగా మీరు గుడికెళ్ళి యేసమ్మే తీసిందని తీర్పు చెప్పేసి వచ్చారు. ఆ తర్వాత ఏ మొహంతో తెచ్చేదండీ? మిమ్మల్ని అబద్ధికుణ్ణి చేయలేక గుడ్డ కప్పాను."

పాదిరి వరదానంగారు ఎవరు మాట్లాడినా వారిదే న్యాయమనుకునే మెత్తని మనిషి. ఆయన ప్రభావతమ్మ వైపూ, యేసమ్మ వైపూ మార్చి మార్చి తల ఊపారు. యేసమ్మ లేచి గుమ్మం దగ్గరికి నడిచింది. గుండిగ చుట్టూ ఒకసారి తిరిగి, అంచు తడిమి చూసింది.

"సొట్ట పడలేదు, సంతోషం" అంది. "అయితే మాస్టారూ, రెండేళ్ళుగా పూటపూటా దీని ముందే మోకరించారన్నమాట. నా గురించి కూడా ఎప్పుడైనా ప్రార్థించారాండీ?"

"నీకు మంచి బుద్ధి కలగాలని ప్రార్థించేవాణ్ణమ్మా" అన్నారు మాస్టారు. ఆయన అబద్ధమాడే మనిషి కారు. అదే ఆయన కష్టం.

"ప్రార్థన ఫలించిందండీ. కాకపోతే చిరునామా కాస్త మారింది."

మాస్టారు చేతిలోని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. వేదిక దిగి గుమ్మం దాకా నడిచి, అందరికీ వినబడేలా, "యేసమ్మా, విచారించకుండా నిన్ను నిందించాను. నన్ను క్షమించు" అన్నారు. ఆ మాట నలభై ఏళ్ళలో ఆయన వల్లె వేయించిన వచనాలన్నింటికన్నా పిల్లలకు బాగా గుర్తుండిపోయింది.

"మరి స్టెల్లా టీచరు మీద ఫిర్యాదుల సంగతేంటండీ?" అని అడిగాడు పోతురాజు ముందు వరస నుంచి. "నాది మాత్రం కొట్టేయండి. ఇదిగో బిందె జాకబూ, నువ్వే తీసుకో."

తక్కిన పదమూడూ అలాగే కొట్టివేశారు. స్టెల్లా చార్టుల చుట్ట విప్పింది. మరుసటి క్రిస్మస్ విందు వంట యేసమ్మదేనని వరదానంగారు ప్రకటించారు. అందరూ లేవబోతుండగా క్యాథరిన్ చెయ్యెత్తింది.

"తాతయ్యగారూ, జక్కయ్య నాలుగంతలు ఇచ్చాడు కదండీ. ఇది ఒకటే. మిగతా మూడూ ఎప్పుడు తెస్తారు?"

మాస్టారు స్టెల్లా వైపు చూశారు. పాఠం అలాగే ఉందని స్టెల్లా తల ఊపింది.

ఆ క్రిస్మస్‌కు యేసమ్మ నాలుగు గుండిగలలో వండింది. కొత్తవాటి మీద ఇచ్చినవారి పేరు మాత్రం కొట్టించలేదు.