నిండు పియాలా

ఆ ఉదయం బుఖారాలో ఎర్గాష్ పెట్టుకున్న పని ఒక్కటే: మధ్యాహ్నానికి మంచి టీ. అతని కూతురు దిల్‌రబోను తన మనవడు బెక్జోద్‌కు అడగడానికి ఓయిషాబీబీ వస్తోంది. ఆవిడ రొట్టె విరిస్తే సంబంధం ఖాయం. విరవకపోతే, కాలేజీ రోజుల నుంచి ప్రేమించుకుంటున్న పిల్లల ఆశ గల్లంతే.

ఇంటి నీళ్లలో సున్నం ఎక్కువ. కెటిల్ నిండా పెచ్చులు, టీ మీద తెట్టు. అందుకే ఎర్గాష్ నీళ్లలో సున్నం తీసే మెషిన్ కొని బిగించాడు. దాంతోపాటు ఉప్పు బస్తా కూడా వచ్చింది.

"ఉప్పెందుకండీ? నీళ్లకు ఊరగాయ పెడతారా?" అంది భార్య మవ్జుదా.

"ఉప్పునీళ్లతో మెషిన్ తన కడుపు తనే కడుక్కుంటుందే. మనదాకా రాదు."

మధ్యాహ్నం ఓయిషాబీబీ, బెక్జోద్ వచ్చి కూర్చోగానే మెషిన్ కడుక్కోవడం మొదలుపెట్టి భోరుమంది.

"లోపల ఒంటెను కట్టేశారా?" అంది ఓయిషాబీబీ.

ఎర్గాష్ పరుగున వెళ్లి ప్లగ్గు పీకాడు. మోత ఆగింది. ఉప్పునీళ్లు మెషిన్‌లోనే ఉండిపోయాయి. మవ్జుదా ఆ నీళ్లే పట్టి టీ కాచింది.

ఆనవాయితీ ప్రకారం ఎర్గాష్ ముందు రుచి చూశాడు. కెటిల్ పట్టుకుని మళ్లీ వంటింట్లోకి పరుగు.

"ఇది టీ కాదే, సముద్రం!"

"అరవకండి, వింటారు. పాలు పోస్తే తెలీదు," అంటూ మవ్జుదా గిన్నెడు పాలు కుమ్మరించింది.

కంగారులో ఎర్గాష్ ఓయిషాబీబీ పియాలాను, అంటే పిడి లేని టీ గిన్నెను, అంచుదాకా నింపేశాడు. ఆ ఊళ్లో అతిథికి కొంచెం కొంచెంగా, మళ్లీ మళ్లీ పోస్తారు. నిండా పోశారంటే ఇక దయచేయమని అర్థం.

"నాన్నా! ఏం చేశావ్!" అంది దిల్‌రబో. బెక్జోద్ ముఖం పాలిపోయింది.

ఓయిషాబీబీ చేతికర్ర అందుకుంది. "పొమ్మనడానికి టీ దండగెందుకయ్యా? నోరు లేదా నీకు?"

పోసినది ముట్టకుండా లేవకూడదని ఒక్క గుక్క తాగింది. ఆగింది. ఇంకో గుక్క. పియాలా ఖాళీ అయింది. ఆవిడ కళ్లలో నీళ్లు.

"మా కొండల్లో టీ ఇలాగే కాస్తారు. ఉప్పు, పాలు, నిండా గిన్నె. కోడలిగా ఈ ఊరొచ్చాక ఒక్కరూ ఇలా పోయలేదు. నా పుట్టిల్లు ఎక్కడో కనుక్కుని మరీ చేశారా నాయనా?"

"మరే!" అన్నాడు ఎర్గాష్. మవ్జుదాకు పొలమారింది.

ఫెళ్లున రొట్టె విరిగింది.

ఇప్పుడు ఆ ఇంట్లో నీళ్లు అమృతంలా ఉన్నాయి. కానీ చెంచాతో ఉప్పు వేస్తే ఓయిషాబీబీకి పుట్టింటి రుచి తగలడం లేదట. అందుకే ఆవిడ వస్తోందంటే చాలు, ఎర్గాష్ ప్లగ్గు దగ్గర కుర్చీ వేసుకుని, మెషిన్ ఎప్పుడు భోరుమంటుందా, ఎప్పుడు పీకుదామా అని కాపలా కూర్చుంటాడు.