దొరసాని ఉపవాసం

ఉదయం ఆరు గంటలకు ఇంటాయన వంటింటికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

కారణం దొరసాని. ఆ ఇంటి పిల్లి. పళ్లకు గార పట్టి, చిగుళ్లు వాచి, మెత్తనివి తప్ప నమలలేకపోతోంది. పదకొండింటికి మత్తిచ్చి పళ్లు శుభ్రం చేస్తానని, అప్పటిదాకా కడుపు ఖాళీగా లేకపోతే ప్రాణం మీదికి వస్తుందని జంతువుల డాక్టరమ్మ చెప్పింది. మర్నాడు ఆవిడ ఊరెళ్తే మళ్లీ నెల దాకా రాదు.

"దానికి పెట్టొద్దంటే సరే. మనకేమైంది?" అంది భార్య.

"మనం తింటుంటే అది చూస్తూ ఊరుకుంటుందా? అందరం ఆగుదాం."

"కాఫీ కూడానా బాబూ?" అంది అత్తగారు.

"చుక్క కూడా వద్దు అత్తయ్యగారూ."

ఆయన బస్సు డిపోలో టైంకీపర్. పెట్టిన రూలుకు ముందు తనే కట్టుబడే రకం.

ఎనిమిదింటిదాకా దొరసాని ఇల్లు పీకి పందిరేసింది. తర్వాత అత్తగారి గదిలోకి వెళ్లి, కాసేపటికి మూతి నాక్కుంటూ వచ్చింది. ఆకలికి నోరెండిపోయింది పాపం అనుకున్నాడు ఇంటాయన. భార్య స్నానానికి వెళ్తే వెంటే దూరింది. బయటికొచ్చి సోఫా మీద కాళ్లు చాపి పడుకుంది.

"నిగ్రహమంటే అదీ! చూసి నేర్చుకోండి," అన్నాడాయన, కళ్లు తిరిగి గోడ పట్టుకుని.

తల్లీకూతుళ్లు చెరో వైపు తల తిప్పుకున్నారు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ దొరసాని పొట్ట నొక్కి చూసింది. "ఏం పెట్టారు?"

"ఏమీ లేదండీ. మేమే ఏమీ ముట్టలేదు."

"మత్తులో కక్కిందంటే ఊపిరాడక పోతుంది. నిజం చెప్పండి."

ముందు అత్తగారు లొంగిపోయింది. "మాత్ర వేసుకోవాలి కదా బాబూ, దిండు కింద రెండు బ్రెడ్డు ముక్కలు దాచుకున్నా. అది నా మొహంలోకే చూస్తుంటే చిన్న తునక..."

"అమ్మా, నువ్వూనా?" అని భార్య నాలుక కరుచుకుంది.

"నువ్వూ అంటే?" అన్నాడు ఇంటాయన.

"గుడ్డండీ. రాత్రే ఉడకబెట్టి దాచా. సగం నేనే తిన్నాను."

"స్నానాల గదిలోనా!"

"మరి వంటింటికి తాళం వేసిందెవరు?"

డాక్టరమ్మ ఆయన వైపు తిరిగింది. "అయితే ఖాళీ కడుపుతో వచ్చింది మీరొక్కరే. మీకైతే ఇప్పుడే మత్తివ్వొచ్చు. పిల్లిని రాత్రికి ఇక్కడే వదలండి. పొద్దున్నే పని ముగించి బయల్దేరతాను. మీ ఇంట్లో మాత్రం వద్దు."

ఆయనకు బల్ల మీద సీసాలో బిస్కెట్లు కనిపించాయి. ఒకటి తీసి, కోపమంతా దాని మీద చూపిస్తూ కొరికాడు. టప్‌మంది.

"అయ్యో, అవి కుక్కల పళ్లు శుభ్రపడటానికి నమిలించేవండీ!" అంది డాక్టరమ్మ. "రాళ్లలా ఉంటాయి."

మర్నాడు దొరసాని పళ్లు శుభ్రం చేశారు. ఒక్కటీ పీకలేదు. ఇంటాయనకు ఒకటి పీకారు.