సుశీల చెలకలో బంగారం

సకల జనుల సమ్మె మొదలై ఆఫీసుకు తాళం పడ్డాక, భూపాలపల్లి గుమాస్తా వెంకట్రాంకు రెండే పనులు మిగిలాయి. పొద్దున సమ్మె శిబిరంలో కూర్చోవడం, మధ్యాహ్నం ఇంట్లో పడుకోవడం. రెండో పనికి భార్య సుశీల అడ్డం.

సుశీలకు పుట్టింటివాళ్లిచ్చిన చెలక ఊరి బయట, రోడ్డు పక్కన ఉంది. దాని నడుమ ఒక గులకరాళ్ల దిబ్బ. ఎన్నడో ఒక వాగు అటుగా పారి, తర్వాత దారి మార్చుకుని, దిబ్బను మాత్రం వీళ్లకు వదిలేసింది. అది తొలగితే మిరప వేసుకోవాలని ఆమె ఆశ.

"దసరాకు దిబ్బ పోలేదనుకో, చెలక మా తమ్మునికి కౌలుకిస్త" అన్నది సుశీల. వెంకట్రాం వినలేదు. అప్పటికే కునుకు పట్టింది.

మర్నాడు శిబిరంలో ఎవరో పేపరు చదువుతూ, పాతకాలపు వాగులు వదిలిన గులకరాళ్లలో బంగారపు నలుసులుంటాయనీ, నీళ్లలో కడిగితే బరువుకు అడుక్కి దిగుతాయనీ చెప్పారు. వినేవాళ్లంతా నవ్వారు. వెంకట్రాం నవ్వలేదు. ఆ రాత్రి సరిగా పడుకోనూ లేదు.

తెల్లారి పార, బిందె, ఇత్తడి తాంబాళం పట్టుకుని బయల్దేరాడు.

"యాడికి?"

"ఊర్కెనే. చెలక చూసొస్త."

"తాంబాళంతోనా?"

"చెలకకు బొట్టు పెడదామని."

సుశీల కుంకుమ భరిణె తెచ్చిచ్చింది.

దిబ్బను తవ్వి, మట్టిని తాంబాళంలో తిప్పి తిప్పి కడిగాడు. తాంబాళం ఇత్తడిది కావడంతో ప్రతి నలుసూ బంగారంలాగే మెరిసింది. చివరికి నిజంగా మెరిసే నలుసొకటి దొరికితే కరపత్రంలో మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అంతలో సుశీల సద్ది తెచ్చింది. అదే సమయానికి శిబిరం పెద్ద కాటమయ్య రోడ్డు మీద సైకిలాపాడు.

"ఏం తవ్వుతున్నవ్ వెంకట్రాం?"

"పొయ్యిలన్నా. వంటావార్పుకు" అన్నాడు వెంకట్రాం, నోటికొచ్చినట్టు.

కాటమయ్య కళ్లు చెమర్చాయి.

"పొయ్యిలొక్కటేనా అన్నా? అందరు కూసునేతందుకు దిబ్బంత చదును చేస్తుండు" అన్నది సుశీల. "ఒక్కనికి ఏం కష్టం! మీరు జర సాయం పట్టరాదుండ్రి."

తెల్లారేసరికి ఊరంతా పారలతో దిగింది. గంపలకొద్దీ దిబ్బ రోడ్డెక్కింది, రాస్తారోకో కోసం.

"ఆగుండ్రి! గది మంచి మట్టి!" అని వెంకట్రాం గంపలకు అడ్డం పడ్డాడు.

"మంచిదైతేనే ఉద్యమానికియ్యాలె" అని కాటమయ్య అతని మెడలో దండ వేశాడు.

బంగారమని చెబితే ఊరు పంచుకుంటుంది. చెప్పకపోతే రోడ్డు మింగుతుంది. వెంకట్రాం ఏడుస్తూ జై తెలంగాణ అన్నాడు. అంత ఆవేశంగా ఎవరూ అనలేదని అందరూ మెచ్చుకున్నారు. పులిహోర ఉడికేసరికి దిబ్బ లేదు.

ఇంటికొచ్చాక ఉండబట్టలేక కరపత్రం విప్పాడు.

"ఇగో, నీకు ముక్కుపుల్ల చేయిద్దామనుకున్న. దిబ్బంత పోయె!"

సుశీల నలుసును గోటి మీద పెట్టి చూసింది. "కాకిబంగారం. చిన్నప్పుడు గా దిబ్బ మీద గిదే ఏరుకుని ఆడుకుంటుంటిమి."

"నీకు ముందే తెలుసా?"

"రాత్రంత బంగారం, బంగారం అని కలవరిస్తివి. మొదలు నన్నే అనుకున్న."

"మరి తాంబాళం పట్టుకున్న నాడే చెప్పొద్దా?"

"చెప్తే తవ్వుతుంటివా?"

వెంకట్రాం ఆలోచించి, అన్నానికి కూర్చుని పప్పు వేయమన్నాడు. సుశీల ముఖంలో అంత సంతోషం అతను పెళ్లయ్యాక చూడలేదు. అడగకుండానే నెయ్యి వేసి, మిరపనారు కట్టలు తెచ్చి అతని ముందు పెట్టింది.